మేకుకు తగిలించిన కర్ర

గొట్లోబ్ రైబ్లె తన జీవితంలో ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇది ఆయన మీద చాడీ కాదు. జర్మనీలో నెకర్ నది ఒడ్డున ఆ పేటలో అది మర్యాద. అక్కడ వంట బాగుంటే కంచం ఖాళీ చేసి లేస్తారు, బాగాలేకపోతే చెబుతారు. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి వీధంతా వినేలా తిడతారు, పాసైన పిల్లవాణ్ణి చూసి ఊరుకుంటారు. పెళ్ళాం కొత్త గౌను తొడుక్కుంటే మొగుడు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ పేపర్లోకి దూరిపోతాడు, ఆవిడ ఆ పూటంతా కూనిరాగాలు తీస్తూ తిరుగుతుంది. ఎవరైనా నోరారా పొగిడితే మాత్రం అక్కడివాళ్ళ చెయ్యి జేబు మీదికి పోతుంది, వీడికి నాతో ఏం పనిపడిందా అని.

అలాంటి పేటలో కూడా రైబ్లెకి మాటల పిసినారి అని పేరు. నది పక్క కార్ఖానాలో ఇంజన్లను పరీక్షించే షెడ్డుకి ఆయన మేస్త్రీ. పొట్టి మనిషి, మెడ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆయన దగ్గర మూరెడు పొడుగు బేరి చెట్టు కర్ర ఒకటి ఉండేది. తన తోటలో చెట్టు గాలివానకి కూలితే ఆ కొమ్మలోంచి చెక్కుకున్నాడు. ఒక కొస నడుస్తున్న ఇంజన్ మీద ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. లోపల ఏ బేరింగు ఏడుస్తోందో, ఏ పిస్టన్ కొట్టుకుంటోందో ఆ కర్రలోంచి వినేవాడు. తప్పుంటే కర్రతో బల్ల మీద టకటకా కొట్టి తిట్లకి లంకించుకునేవాడు. తప్పు లేకపోతే దాన్ని తీసుకెళ్ళి గోడకున్న మేకుకి తగిలించేవాడు. అంతే. కర్ర మేకుకెక్కిందంటే ఇంజన్ పాసయినట్టు. షెడ్డులో అందరూ చేతులు తుడుచుకుని రొట్టె పొట్లాలు విప్పేవారు.

కొడుకు ఎర్విన్ యుద్ధానికి బయల్దేరిన రోజున స్టేషన్లో తండ్రి వాడితో అన్న ఆఖరి మాట, "కాలర్ సరిచేసుకో." వాడు రష్యాలో పోయాడు. బెంగతో తల్లీ పోయింది. మిగిలింది తండ్రీ, కూతురు లోరె. బాంబులు పడగా నిలిచిన మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు వాళ్ళది. ఎర్విన్ గది మాత్రం పై అంతస్తులో, వాలు కప్పు కింద, తాళం వేసి ఉండేది.

యుద్ధం ముగిశాక తూర్పు నుంచి ఇల్లూ వాకిలీ పోయినవాళ్ళు బళ్ళ కొద్దీ వచ్చిపడ్డారు. ఖాళీ గది కనిపిస్తే చాలు, మునిసిపాలిటీవాళ్ళు ఒకణ్ణి తెచ్చి పెట్టిపోయేవారు. అలా ఎర్విన్ గదికి వచ్చినవాడు హోర్స్ట్ కల్వైట్. ఎక్కడో బాల్టిక్ సముద్రం ఒడ్డున కోనిగ్స్‌బెర్గ్ వాడు. ఆ ఊరు ఇప్పుడు రష్యా వాళ్ళది. ఇంజనీరు చదువు చదివాడు గానీ పట్టాలన్నీ ఊరితో పాటే కాలిపోయాయి. చేతిలో ఒక పెట్టె, ఒంటి మీద రంగు వెలిసిన సైనికుడి కోటు, నోట్లో ఆగని మాటలు. అదీ అతని ఆస్తి.

మొదటి రోజే చిక్కొచ్చింది. లోరె పిండిని చెక్క పలక మీద నుంచి మరుగుతున్న నీళ్ళలోకి సన్నగా గీకి, ఉడికిన ఆ తునకల మీద చిక్కటి పప్పు పోసి వడ్డించింది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండే వంటే. హోర్స్ట్ రెండు ముద్దలు తిని చెమ్చా కింద పెట్టాడు.

"ఎంత బాగా చేశారండీ లోరె గారూ! ఇంత కమ్మటి తిండి తిని మూడేళ్ళయింది."

రైబ్లె కనుబొమలు ముడిచి గిన్నెలోకి తొంగిచూశాడు. "ఇంకా కావాలా? ఉన్నది అంతే."

"అయ్యో, దానికి కాదండీ. బాగుందని చెప్తున్నా."

"తినేప్పుడు మాట్లాడితే చల్లారిపోద్ది," అన్నాడు రైబ్లె.

లోరె నవ్వాపుకోలేక నీళ్ళ వంకతో లేచి వెళ్ళిపోయింది. తర్వాత మెట్ల మీద కనబడి అతనికి ఆ పేట భాష నేర్పే పని తనే నెత్తిన వేసుకుంది. "మా నాన్న ఊరుకున్నారంటే సంతోషంగా ఉన్నట్టు. 'పర్లేదు' అన్నారనుకోండి, పండగ చేసుకోవచ్చు. ఇప్పటిదాకా రెండుసార్లు అన్నారు."

"ఎవరి గురించి?"

"ఒకటి బేరి చెట్టు గురించి. రెండోది గుర్తులేదు."

మెట్లూడ్చే పలక సంగతి కూడా తనే చెప్పింది. ఆ ఇళ్ళల్లో వారానికొకరు మెట్లు ఊడవాలి. ఎవరి వంతైతే వాళ్ళ తలుపుకి చిన్న చెక్క పలక వేలాడుతుంది. వారం ఆఖర్న ఊడ్చి, తుడిచి, పలకని పక్కవాళ్ళ తలుపుకి తగిలిస్తే తన వంతు తీరినట్టు. దేవుడి దగ్గర తప్పించుకోవచ్చు గానీ ఆ పలక దగ్గర ఎవరూ తప్పించుకోలేరు. రాజ్యం పోయి, ఊరు సగం కూలి, తినడానికి బంగాళాదుంపలు దొరకని రోజుల్లో కూడా ఆ పలక మాత్రం తలుపు నుంచి తలుపుకి నడుస్తూనే ఉంది.

రైబ్లెయే అతన్ని కార్ఖానాకి తీసుకెళ్ళాడు. పట్టాల్లేవు కాబట్టి తాత్కాలికం అన్నారు, ఎప్పుడైనా పొమ్మనొచ్చు. హోర్స్ట్ అదే పదివేలనుకున్నాడు.

ఆ రోజుల్లో డీజిల్ అంటే లారీ. యుద్ధానికి ముందు డీజిల్ కార్లు లేకపోలేదు గానీ అవి డబ్బున్నవాళ్ళ పెద్ద కార్లు. ఇప్పుడు పెట్రోలుకి కరువు. టాక్సీవాడికీ ఊళ్ళు తిరిగే డాక్టరుకీ తక్కువ నూనెతో ఎక్కువ దూరం పోయే చిన్న కారు కావాలి. నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజన్ దిమ్మె ఒకటి ఉంది, అందులోనే డీజిల్‌ని కూర్చోబెట్టండి అన్నారు పైవాళ్ళు. చెప్పడానికేం, చెప్పేశారు. డీజిల్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని నొక్కి నొక్కి కాగబెట్టి, అందులోకి నూనె చిమ్మితే దానంతటది అంటుకోవాలి. ఆ అంటుకోవడం మొదలయ్యేది సిలిండర్ నెత్తిన ఉండే చిన్న గదిలో. అక్కణ్ణించి మంట చిల్లుల్లోంచి కిందికి దిగి పిస్టన్‌ని తోస్తుంది. లారీ ఇంజన్‌లో ఆ గదికి చోటుంది. ఇందులో గది బొటనవేలంత. నూనె మెల్లగా కాలక ఒక్కసారే భగ్గుమనేది. దాంతో ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు.

"దీన్ని కారులో పెడితే పెళ్ళికూతురు చర్చి దగ్గర పళ్ళూడి దిగుద్ది," అనేవారు షెడ్డులో కుర్రకారు.

రైబ్లె కర్ర రోజూ బల్ల మీద టకటకలాడింది. ఏడాది గడిచింది, రెండో ఏడాదీ గడవొచ్చింది. పెద్ద పెద్ద వాళ్ళు పెద్ద పెద్ద మార్పులు చేశారు. హోర్స్ట్ మాత్రం ఆ చిన్న గది అడుగున ఉండే చిల్లుల బిళ్ళ పట్టుకుని కూర్చున్నాడు. చిల్లుల్ని సన్నం చేసి చూశాడు, వెడల్పు చేసి చూశాడు, ఏటవాలుగా తొలిచి చూశాడు. బిళ్ళలు కాలిపోయేవి, పగిలిపోయేవి, మళ్ళీ తొలిచేవాడు. రైబ్లె తిట్టేవాడు, అతను నవ్వేవాడు, రైబ్లె ఇంకా తిట్టేవాడు. సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి నడిచేవారు. నది వంతెన మీద హోర్స్ట్ ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. తమ ఊళ్ళో సముద్రం గడ్డకట్టడం, వాళ్ళమ్మ చేపల పులుసు, పోయిన తమ్ముడు. రైబ్లె ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు గానీ, అతను జలుబు చేసి రాని రోజున ఆ వంతెన మరీ పొడుగైనట్టు అనిపించింది. ఎర్విన్ గది కిటికీలో దీపం కనిపిస్తే ఆయనకి నడక తేలికయ్యేది. ఇది ఆయన ఎవరికీ చెప్పలేదు, తనకి తనే ఆలస్యంగా చెప్పుకున్నాడు.

ద్రాక్ష కోతల ముందు లోరె హోర్స్ట్ గురించి తండ్రిని వంటింట్లో నిలదీసింది. "నాన్నా, ఆయన్ని టర్కీ రమ్మంటున్నారు, ట్రాక్టర్ల పనికి. ఇక్కడ పర్మనెంటు చేస్తే ఉంటాడు, లేకపోతే పోతాడు. పట్టాల్లేని మనిషికి మీ మాటే కదా పట్టా. మీరొక్క మాట చెప్పండి."

"చూద్దాం."

"చూద్దాం కాదు. నాక్కూడా... ఆయన ఉంటే బాగుంటుంది నాన్నా."

ఆ మాటకి రైబ్లె కత్తి బల్ల మీద పెట్టి కూతురి ముఖంలోకి చూశాడు. మళ్ళీ కత్తి తీసుకుని రొట్టె కోశాడు. లోరెకి ఆ చూపు చాలు. ఆమె ధైర్యంగా రెమ్స్ లోయలో మేనత్త ద్రాక్షతోటకి కోతలకి వెళ్ళిపోయింది. వెళ్ళకుండా ఉంటే ఈ కథ వేరే విధంగా ఉండేది.

ఆమె వెళ్ళిన మర్నాడే హోర్స్ట్ కొత్త బిళ్ళ బిగించాడు. చల్లటి ఇంజన్. సిలిండర్లను ముందుగా కాగబెట్టే వేడి తీగలు ఎర్రబడేదాకా ఆగి తిప్పారు. రెండుసార్లు దగ్గి తెల్లటి పొగ వదిలి, అందుకుంది. షెడ్డులో అందరూ గులకరాళ్ళ కోసం చెవులు రిక్కించారు. గులకరాళ్ళు లేవు. టిక టిక టిక అని, పనున్న మనిషి చకచకా నడిచిపోతున్నట్టు నిలకడగా నడుస్తోంది. రైబ్లె కర్ర ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒక సిలిండర్ విన్నాడు, రెండోది, మూడోది, నాలుగోది. ముప్పై ఏళ్ళ నౌకరీలో చిన్న డీజిల్ అంత పొందికగా మాట్లాడగా ఆయన వినలేదు.  ఎర్విన్ ఉంటే వాడికి వినిపించేవాణ్ణి అనుకున్నాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడంటే, కుర్రకారు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆ విభాగం పెద్ద క్నోడ్లర్ వచ్చాడు. ఆయనదీ ఆ పేటే, రైబ్లెతో కలిసి బడికెళ్ళినవాడు. వెనక చేతులు కట్టుకుని ఇంజన్ విన్నాడు, హోర్స్ట్ వైపు చూశాడు, తర్వాత రైబ్లెతో అన్నాడు:

"ఈ పని ఇతనిదేనా?"

రైబ్లె తల ఊపాడు.

"మరి ఈ మనిషి సంగతేంటి? అట్టిపెట్టుకుందామా?"

హోర్స్ట్ అక్కడే, రెండడుగుల దూరంలో, చేతిలో మసిగుడ్డ నలుపుతూ నిలబడి ఉన్నాడు. రైబ్లెకి చెప్పాలని లేక కాదు. చెప్పవలసింది కడుపులో నిండా ఉంది. కానీ అంతమంది ముందు, ఆ మనిషి ఎదుటే, అతని గురించి మంచిమాట అనడమంటే ఆయనకి బట్టలిప్పుకుని నిలబడినంత సిగ్గు. ఆయన హోర్స్ట్ ముఖం చూడకుండా వెనక్కి తిరిగి, గోడ దగ్గరికి నడిచి, కర్రని మేకుకి తగిలించాడు.

"ఊఁ," అన్నాడు క్నోడ్లర్. ఆయనకి అర్థమైంది. ఇంతకన్నా పెద్ద సిఫార్సు ఆ షెడ్డులో ఎవరికీ ఎప్పుడూ దక్కలేదు. తలుపు దాకా తోడొచ్చిన రైబ్లె చెవిలో, "సోమవారం కాగితం సిద్ధం చేయిస్తా," అని చెప్పి వెళ్ళిపోయాడు.

హోర్స్ట్‌కి కర్ర సంగతి తెలుసు. ఇంజన్ పాసైందని తెలుసు. కానీ అడిగింది ఇంజన్ గురించి కాదు, తన గురించి. కోనిగ్స్‌బెర్గ్‌లో ఎవరినైనా నీ ఎదుటే నీ గురించి అడిగితే, మంచిదైతే ఉన్నపళంగా చెబుతారు. చెప్పడానికి మంచి లేకపోతేనే, నీ మనసు నొప్పించడం ఇష్టంలేక, ముఖం తిప్పుకుని ఊరుకుంటారు. రెండేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషి తనకి ఆ మర్యాద చేశాడని అతను అనుకున్నాడు. ఆ మౌనానికి ఈ ఊరి అర్థం చెప్పగల లోరె ద్రాక్షతోటలో ఉంది.

ఆ సాయంత్రం వంతెన మీద హోర్స్ట్ ఏమీ మాట్లాడలేదు. ఇన్నాళ్ళకి కుర్రాడు మన మనిషయ్యాడు అని రైబ్లె మురిసిపోయాడు.

క్నోడ్లర్ చెప్పిన మాట ఎందుకు చెప్పలేదంటే దానికీ ఆయన దగ్గర కారణం ఉంది. కాగితం చేతికి రాకుండా నోరు జారితే పని చెడుతుందని ఆయన నమ్మకం. సోమవారం కాగితమే మాట్లాడుతుంది, మధ్యలో నేనెందుకు అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం పని వదిలాక రైబ్లె బుట్ట భుజాన వేసుకుని తోటకి బయల్దేరాడు. ఆపిల్స్ రాలిపోతున్నాయి, ఏరుకొచ్చి రసం తీయించి పీపాలో పులియబెట్టాలి. మెట్ల మీద హోర్స్ట్ ఊడుస్తున్నాడు. ఆ వారం వంతు అతనిది. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా. మెట్లూడవడానికి ఇస్త్రీ చొక్కా ఏమిటో అని ఒక్క క్షణం అనిపించి, పోయింది.

హోర్స్ట్ చీపురు గోడకి ఆనించి నిటారుగా నిలబడ్డాడు.

"మేస్త్రీ గారూ, ఒక మాట. నాతో ఏమన్నా చెప్పాలా మీరు?"

రైబ్లె ఆగాడు. కుర్రాడి కళ్ళు ఆయన ముఖాన్నే వెతుకుతున్నాయి. సోమవారం సంగతి నాలిక చివరికి వచ్చింది. దాని వెనకే ఇంకొన్ని మాటలు కూడా వచ్చాయి, జీవితంలో ఎన్నడూ వాడనివి, ఎలా పట్టుకోవాలో తెలియనివి. ఆయన మెట్ల మలుపు వైపు చూశాడు.

"ఆ మూల వదిలేశావు," అన్నాడు.

 హోర్స్ట్ చీపురు తీసుకుని ఆ మూల ఊడ్చాడు. రైబ్లె మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు తోటలో ఆయన చాలా హుషారుగా పనిచేశాడని, ఈల కూడా వేశాడని పక్క తోటవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

పొద్దు గూకుతుండగా తిరిగొస్తే తన తలుపుకి పలక వేలాడుతోంది. మెట్లు అద్దంలా ఉన్నాయి. బుట్టలోంచి అన్నిటికన్నా ఎర్రటి ఆపిల్ ఒకటి ఏరి, చొక్కాకి తుడిచి, పై అంతస్తు ఎక్కాడు. చేతికిద్దామని కాదు, బల్ల మీద పెట్టేసి వద్దామని. గది తలుపు తీసే ఉంది. ఎర్విన్ దుప్పటి నాలుగు మడతలు పెట్టి మంచం కొసన ఉంది, దాని మీద తాళంచెవి. పెట్టె లేదు, సైనికుడి కోటు లేదు.

"అదేంటి, మీకు చెప్పలేదా?" అంది కింది అంతస్తు ముసలావిడ పౌలీనె, తలుపు సందులోంచి. "అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడే! టర్కీవాళ్ళ మనిషి స్టేషన్లో ఎదురుచూస్తున్నాడంట, ఇవాళ్టితో గడువు. మీకు మెట్ల మీద చెప్పాననుకున్నాడేమో."

రైబ్లె ఆపిల్ చేత్తో పట్టుకునే స్టేషన్ దాకా వెళ్ళాడు. ప్లాట్‌ఫారం మీద ఊడ్చేవాడు తప్ప ఎవరూ లేరు.

ఆదివారం లోరె కొత్త ద్రాక్షరసం సీసాతో, ఉల్లిపాయ రొట్టెతో, ఎండకి కమిలిన ముఖంతో వచ్చింది. విషయం విని కూలబడింది.

"ఏమన్నారు నాన్నా ఆయన్ని?"

"ఏమీ అనలేదు," అన్నాడు రైబ్లె.

ఆ ఇంట్లో ఆ మాటకి ఎప్పుడూ ఒకటే అర్థం. ఆ రోజు మొదటిసారి ఆ మాట ఆయన చెవికే నేరం ఒప్పుకున్నట్టు వినిపించింది.

సోమవారం క్నోడ్లర్ కాగితం పట్టుకుని వచ్చాడు. "వెళ్ళిపోవడమేంటయ్యా? అంత మంచి పేరు చెప్పావుగా నువ్వు?"

"చెప్పాను," అన్నాడు రైబ్లె.

లోరె రాసిన ఉత్తరం టర్కీలో మనిషి దొరక్క తిరిగొచ్చింది. రెండేళ్ళు చూసి ఆమె ట్రాము ఆఫీసులో గుమాస్తాని చేసుకుంది. మంచివాడే. తండ్రిని ఆమె ఎప్పుడూ నిష్టూరమాడలేదు. ఆడి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేదేమో.

ఆ ఇంజన్ బయటికొచ్చింది. టాక్సీలన్నిటికీ అదే. స్టేషన్ ముందు, ఆసుపత్రి ముందు, పెళ్ళిళ్ళ దగ్గర, శవాల వెనక, ఎక్కడ చూసినా టిక టిక టిక. డీజిల్ టాక్సీవాళ్ళు ఇంజన్ ఆపరు, ఆగిన చోటల్లా అది నడుస్తూనే ఉంటుంది. తక్కిన ఊరికి అది చప్పుడు. రైబ్లెకి మాత్రం వంతెన మీద కుర్రాడి కబుర్లు. వినలేక ఆయన సందుల్లోంచి నడిచి ఇంటికి పోయేవాడు. బిళ్ళకి ఆ చిల్లులు ఎవరు తొలిచారో కార్ఖానాలో కొత్తవాళ్ళకి తెలియదు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. అది కూడా తర్వాత ఆయన తప్పుల్లోనే చేరింది.

మారాలని చూడకపోలేదు. ఒక ఆదివారం లోరె చేసిన ఆపిల్ కేకు తిని, గుటకలు మింగి మింగి, "బాగుందమ్మా," అన్నాడు. లోరె చటుక్కున లేచి ఆయన నుదురు తాకి చూసింది, జ్వరమేమోనని. అల్లుడు డాక్టరుకి కబురు చేద్దామా అన్నాడు. ఇంకోసారి టాక్సీ ఎక్కి దిగుతూ, "ఇంజన్ చాలా బాగా చూసుకుంటున్నావయ్యా," అన్నాడు. "కిరాయి తగ్గించేది లేదు పెద్దాయనా," అన్నాడు వాడు. ఆ పేటలో పొగడటం నేర్చుకోవడానికి ఆయన మరీ ఆలస్యంగా పుట్టాడో, ముందుగా పుట్టాడో.

రిటైరయ్యేటప్పుడు కర్ర వెంట తెచ్చుకున్నాడు. షెడ్డు చప్పుడు అప్పటికే ఆయన చెవులు తినేసింది. మనుషుల మాటలు దూరం నుంచి వస్తున్నట్టుండేవి. చెప్పవలసిన నాలుగు వాక్యాలు మాత్రం ఆయన మనసులో ఎప్పుడో కూర్చుకున్నాడు. తోటలో బేరి చెట్ల మధ్య వాటిని పైకి అనేవాడు, పాఠం వల్లించినట్టు.

ఒక వేసవి మధ్యాహ్నం, హోర్స్ట్ వెళ్ళిన పన్నెండో ఏడో పదమూడో, ఇంటి ముందు టాక్సీ ఆగింది. దిగిన మనిషికి జుట్టు సగం నెరిసింది, ఎండకి నల్లబడ్డాడు. లోరె కిటికీలోంచి చూసి గుర్తుపట్టి, తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. రైబ్లె మరో చేత్తో కర్ర పట్టుకొచ్చాడు, ఈమధ్య అది ఎక్కడికైనా ఆయన వెంటే.

హోర్స్ట్‌కి తీరిక లేదు. హానోవర్లో అక్క పోయిందట, వెళ్ళి కార్యం చూసుకుని తిరిగిపోతున్నాడు. రైలు మారే గంటలో ఇటు వచ్చాడు. టర్కీలో అదానా అనే ఊళ్ళో ట్రాక్టర్లు, నీటి పంపులు బాగుచేసే షెడ్డుంది. భార్య అక్కడి మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. ఒకప్పటి కబుర్లరాయుడు ఇదంతా నాలుగు ముక్కల్లో చెప్పి ఆగిపోయాడు.

"మరి ఇంజన్ పని?" అంది లోరె.

"మళ్ళీ ముట్టుకోలేదండీ. ఒకరు చేసింది బాగుచెయ్యడమే. నాకు కొత్తది చేసే చెయ్యి లేదని ఇక్కడే తేలిపోయిందిగా."

రైబ్లెకి ఆ మాట సగమే వినబడింది, కానీ ఆ సగం చాలు. కూతురి చెయ్యి విడిపించుకుని టాక్సీ దగ్గరికి నడిచాడు. డ్రైవరు వద్దంటున్నా వినకుండా మూత ఎత్తించి, నడుస్తున్న ఇంజన్ మీద కర్ర ఆనించి, రెండో కొస చెవి వెనక పెట్టుకున్నాడు. లోకం అంతా మూగబోయినా ఆ ఎముకలోంచి టిక టిక టిక అని స్పష్టంగా వచ్చింది. కళ్ళు తెరిచి హోర్స్ట్ ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఇది నీ పని," అన్నాడు, చెవిటివాళ్ళలా పెద్ద గొంతుతో. "నేను విన్నవాటిలో ఇంత మంచి పని లేదు. నిన్ను అట్టిపెట్టుకోమనే ఆ రోజు కర్ర తగిలించాను. సోమవారానికి నీ పర్మనెంటు కాగితం వచ్చింది. శనివారం మెట్ల మీద నీకు చెప్పాల్సింది. నోరు రాలేదు. మూల వదిలేశావని అన్నాను. మూల వదల్లేదు నువ్వు."

వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. టాక్సీ డ్రైవరు సిగ్గుపడి అటు తిరిగాడు. హోర్స్ట్ కదల్లేదు.  నెమ్మదిగా చెయ్యి చాచి ముసలాయన చేతిలోంచి కర్ర తీసుకుని, తనూ ఇంజన్ మీద ఆనించి విన్నాడు, చాలాసేపు. తర్వాత కర్రని మళ్ళీ ఆయన చేతిలో పెట్టి, లోరెకి తల వంచి, టాక్సీ ఎక్కాడు. ఒక్క మాట లేదు. టాక్సీ మలుపు తిరిగింది.

రైబ్లె మెట్ల మొదట్లో కూర్చున్నాడు.

"ఏమన్నాడు? నాకు వినబడలేదు."

"ఏమీ అనలేదు నాన్నా."

"అసలేమీ అనలేదా?"

"లేదు."

ఆయన కర్ర రెండు కొసలూ తడిమాడు. "అంటే ఏంటమ్మా? క్షమించినట్టా, లేనట్టా?"

లోరె ఆయన పక్కనే కూర్చుంది. ఊరుకుంటే అర్థమేంటన్న ఆ ప్రశ్న మోస్తూ ఆమె ఆ ఇంట్లో పుట్టి పెరిగింది. ఇన్నేళ్ళకి అది ఆయన నోట విన్నది.

"మనవాళ్ళెవరన్నా అయితే మంచికే అనేదాన్ని నాన్నా," అంది. "ఆయనది మన ఊరు కాదు కదా."